ఇంకోటి తియ్యి సెల్లీ

నర్సీపట్నం,
జూలై 14, 2024.

అన్నయ్యకు,

నిన్న ములాఖత్‌లో నువ్వు చెప్పింది సగం వినపడలేదు. జాలీకి ఇవతల మేమందరం ఒకేసారి అరిచాం, అవతల మీరందరూ అరిచారు. నేను ఊరికే తలూపుతూ నిలబడ్డాను. బస్సెక్కాక ఏడుపొచ్చింది. పక్కన కూర్చున్నావిడ వేరుశనక్కాయలు పెట్టింది, తిన్నాను.

స్కూల్లో మాటిమాటికీ సెలవివ్వరు. అందుకని ఇకనుంచి ఉత్తరాలు రాస్తాను. చదివిపెట్టడానికి, రాసిపెట్టడానికి అక్కడ సుందరరామయ్య గారని పెద్దాయన ఉన్నారన్నావు కదా. ఆయనకు నా నమస్కారాలు చెప్పు. నువ్వు మూడో తరగతిలో బడి మాని ఆవుల వెంట వెళ్ళబట్టే నేను బడికి వెళ్ళాను. అలాంటిది, నా ఉత్తరం నీకు ఇంకొకరు చదవాల్సి వస్తోంది. నేను టీచర్నని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

లాయరు గణేశ్వరరావు గారిని కలిశాను. కేసు సంగతి మళ్ళీ మొదటినుంచి చెప్పించుకున్నాను. కిందటి కార్తీకంలో పాయకరావుపేట దగ్గర హైవే మీద గంజాయితో ఒక కారు దొరికింది. దాని డ్రైవరు వాసు నీ పేరు చెప్పాడు. కొండ ఘాటీ దిగిన దగ్గర్నుంచీ ఆటోతో ముందు నడిచి, పోలీసులున్నారో లేరో ఫోన్లో చెప్పింది నువ్వేనట. అంతేకదా అభియోగం? అయితే భయం దేనికి? ఆ రోజు నువ్వు ఏ కారుకూ ముందు లేవు. పొద్దున్నించి సాయంత్రం దాకా నాతో ఉన్నావు.

నేను డిగ్రీ పాసైనందుకు ఫోను కొనిచ్చి, "పద సెల్లీ, ఫొటోలు తీసుకుందువు గాని" అని నువ్వే నీ ఆటోలో బయల్దేరదీశావు. చెక్‌పోస్టులో కానిస్టేబుల్ నా కాలేజీ కార్డు చూసి "ఏ గ్రూపమ్మా?" అని అడిగి, నవ్వి వదిలేశాడు. ఘాటీ కింద వాగు, బలిఘట్టంలో నది మలుపు, ఆఖర్న ఏటికొప్పాక ఇసుకతిప్ప. మూడుచోట్లా జనం పెద్దగా లేరు. నేను చాలనుకుంటే నువ్వు ఒప్పుకోలేదు. "ఇంకోటి తియ్యి సెల్లీ, ఏటి తొందర?" అన్నావు. నాకోసమని ఒక రోజంతా ఎవరైనా ఖర్చుపెట్టడం నా జన్మలో అదే మొదలు.

లాయరు గారికి రెండు కావాలి. ఆ రోజు మనల్ని చూసినవాళ్ళెవరైనా, తేదీతో సహా ఆ ఫొటోలు. ఇప్పుడు మళ్ళీ అవే చోట్ల, అదే కోణంలో ఫొటోలు తీసి తెమ్మన్నారు, రెండూ పక్కపక్కన పెట్టి కోర్టుకు చూపిస్తారట. వచ్చే ఆదివారం వాగుతో మొదలుపెడతాను.

అమ్మ చోడి నాట్లకు వెళ్తోంది.

నీ చెల్లి,
వరహాలక్ష్మి


సెంట్రల్ జైలు, విశాఖపట్నం,
జూలై 29.

సెల్లి వరాలుకి,

నాను సెప్పినది సెప్పినట్టే రాయమన్నాను. పెద్దాయన అలగే రాస్తన్నారు.

నువ్వు ఒక్కదానివే ఆ వాగు కాడికీ ఏటి కాడికీ తిరగొద్దు. ఆడపిల్లవి. పొద్దు గూకితే బస్సులుండవు. ఇస్కూలోళ్ళు మాటంటారు. లాయరు గారికి ఏటి, ఇయ్యాల ఒకటంటారు, రేపింకోటంటారు.

ఇంటికాడ గోడకున్నాయి సూడు, నువ్వు స్టూడియోలో కడిగించి పటాలు కట్టించిన మూడు ఫొటోలు. అవి ఇచ్చేయి, సాలు. నాను కొనిచ్చిన పోను అద్దం పగిలిపోయింది కదా, దానికి మళ్ళీ ఏటీ సేయించకు. ఒగ్గేయి.

నాను ఆటోలో ఏటీ మొయ్యనేదు. అమ్మ తోడు. ఇది అమ్మకి సెప్పు.

నువ్వు బేగి పెర్మనెంటు జాబు సూసుకో.

చిట్టిరాజు

(అమ్మా, మీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. చదివి వినిపిస్తున్నంతసేపూ మీవాడు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. — సుందరరామయ్య)


నర్సీపట్నం,
ఆగస్టు 19.

అన్నయ్యకు,

నువ్వు వద్దన్నా వెళ్ళాను. కోప్పడకు.

మొదటి ఆదివారం వాగు. వెదురుపొద ముందున్న నల్లరాయి మీద నిలబడి తీశాను, గుర్తుందా, జారుతుందని నువ్వు నా చున్నీ పట్టుకున్న రాయి. వర్షాలకు నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెదురు సగం కొట్టేశారు. అవతల సీసాలు, ప్లేట్లు. అయినా కొండ అంచు, రాయి సరిగ్గా కలిశాయి. పటం విప్పి తీసుకెళ్ళాను, పక్కన పెట్టి చూసుకుంటూ తీశాను.

ఒక్కటే తేడా. స్టూడియోలో కడిగించేటప్పుడు ఫొటోను కుడి పక్క కొంచెం కత్తిరించాను కదా. అక్కడేదో బండి అడ్డొచ్చి అందం పాడుచేస్తోందని. మూడింటికీ అలాగే చేశాను. కొలతలు కలవట్లేదని లాయరు గారు సణుగుతున్నారు. కత్తిరించిన ఫొటో కాగితంతో సమానమట, తేదీ ఉండదట. అసలు ఫొటో ఫోన్లోంచే రావాలంటున్నారు. అందుకే ఆ పగిలిన ఫోను బస్‌కాంప్లెక్స్ దగ్గర బాగుకిచ్చాను. షాపువాడు డిస్‌ప్లే కోసం ఎదురుచూస్తున్నాడు.

నిన్న బలిఘట్టం. ఇక్కడ మంచి వార్త! గుడి మెట్ల దగ్గర కొబ్బరికాయలమ్మే జోగులమ్మ గారికి మనం గుర్తున్నాం. నన్ను చూడగానే, "ఏటమ్మా, ఒక్కదానివే ఒచ్చినావేటి? ఆ పోనులో మాటాడే అన్న రానేదా?" అంది. నువ్వు ఆవిడ దగ్గర రెండు కాయలు కొన్నావట. నేను ఉబ్బిపోయి, కోర్టుకొచ్చి ఆ మాట చెప్పగలరా అని అడిగాను.

"సెప్తాను, నాకేటి బయ్యం? మీ అన్న మంచోడు, కాయ కొన్నాడు. ఆ ఎనకాల కారోళ్ళున్నారు సూడు, సచ్చినోళ్ళు! నా కొట్టుకి అడ్డంగా ఎట్టి, కిటికీ కూడా దింపనేదు. ఒక్క కాయ కొంటే సొమ్ము పోద్దేటి? దేవుడి కాడికొచ్చి దిగనోళ్ళని నానెక్కడా సూడనేదు!"

నేను నవ్వాను. ఆ తిట్లు కోర్టులో తిట్టకండి అన్నాను. "జడ్జీ గారు కాయ కొంటే తిట్టను" అంది.

నది ఉత్తరానికి తిరిగేచోట నువ్వు కూర్చున్న గట్టు కోసుకుపోయింది. నీళ్ళ మీద గుర్రపుడెక్క కమ్మేసింది. నేను గట్టు ఉండాల్సినచోట నిలబడి తీశాను. ఇదీ లాయరు గారికిస్తాను. మనకొక సాక్షి దొరికింది అన్నయ్యా, నువ్వు ధైర్యంగా ఉండు.

నీ చెల్లి,
వరహాలక్ష్మి


విశాఖపట్నం,
సెప్టెంబరు 3.

సెల్లీ,

ఆ కొబ్బరికాయల ముసల్దాన్ని ఒగ్గేయి. దాన్ని కోర్టుకి లాగొద్దు. లాయరు గారికి దాని పేరు సెప్పినావేటి? సెప్పకపోతే సెప్పకు.

ఏటికొప్పాక ఎల్లొద్దు. నా మీద ఒట్టు.

పోను బాగు సేయించినావేటి? సేసేసినా ఎవులికీ సూపించకు. నీకు దండం ఎడతాను. నీ కాలేజీ కార్డు అదీ జాగర్తగా ఎట్టుకో.

చిట్టిరాజు

(అమ్మా, ఈ మధ్య వీడు అన్నం సరిగా తినడం లేదు. మీకు రాయొద్దన్నాడు. రాశాను. — సు.)


నర్సీపట్నం,
సెప్టెంబరు 22.

అన్నయ్యకు,

నువ్వు ఒట్టు పెట్టిన ఉత్తరం వచ్చేటప్పటికే ఏటికొప్పాక వెళ్ళొచ్చేశాను. కోటవురట్ల మీదుగా పోయే బస్సులో కూర్చుని, ఆ రోజు ఆటోలో మనం పాడుకుంటూ వెళ్ళిన దారంతా చూశాను. ఊరిచివర లక్కబొమ్మల వాళ్ళింటి అరుగు మీద ఆరబెట్టిన బొంగరాలు అలాగే ఉన్నాయి. పచ్చనిది ఒకటి కొన్నాను.

నది దగ్గర మాత్రం ఏమీ లేదు. ఇసుకతిప్ప లేదు. ఎవరో తవ్వుకుపోయారు. నేను నీళ్ళలోకి దిగి నిలబడ్డ చోట ఇప్పుడు మనిషి లోతు గుంట. ఎక్కణ్ణించి తీసినా పాత ఫొటోతో కలవలేదు. గట్టు మీద కూర్చుని బొంగరం చేతిలో పట్టుకుని, మనం ఇక్కడికి వచ్చామని కోర్టు ఎలా నమ్ముతుంది అనుకున్నాను. చోటే లేకపోతే!

ఒక్కమాట అడుగుతాను. నువ్వు నాకెందుకు ఇన్ని వద్దులు చెప్తున్నావు? వెలివేసినట్టు ఊళ్ళో ఎవరూ అమ్మతో మాట్లాడటం లేదు. నా స్కూల్లో హెడ్మాస్టరు గారు "మీ ఇంటిపేరు పేపర్లో వచ్చిందేమిటమ్మా" అన్నారు. నిన్ను బయటికి తేవడానికి నేను తప్ప ఎవరున్నారు?

ఫోను రేపు ఇస్తానన్నాడు.

వరహాలక్ష్మి


నర్సీపట్నం,
అక్టోబరు 6.

అన్నయ్యకు,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. జైలు ఆఫీసులో విప్పుతారని, లాయరు గారి చేతికిస్తున్నాను. సుందరరామయ్య గారూ, దయచేసి ఎవరూ లేనప్పుడు, నెమ్మదిగా చదివి వినిపించండి.

ఫోను వెలిగింది. ఫొటోలన్నీ ఉన్నాయి, తేదీతో, టైముతో. సంతోషంతో షాపులోనే కూర్చుని చూశాను. మొదట వాగు. కత్తిరించని ఫొటోలో కుడి పక్క, వెదురు వెనకాల తెల్ల కారు. బంపరుకు నిమ్మకాయ మిరపకాయల దండ. తర్వాత బలిఘట్టం. జోగులమ్మ గారి కొట్టుకు అడ్డంగా తెల్ల కారు. అదే దండ. తర్వాత ఏటికొప్పాక, తాటిచెట్ల కింద మళ్ళీ అదే.

నాకు అర్థం కాలేదంటే నువ్వు నమ్ముతావా? అంత చదువు చదివాను, నాకు అర్థం కాలేదు. మనతోపాటు ఇంకెవరో కూడా ఫొటోలకు తిరిగారనుకున్నాను. వాళ్ళనైనా సాక్షులుగా పట్టుకోవచ్చని పరుగెత్తుకుంటూ లాయరు గారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన ఫొటో పెద్దది చేసి నెంబరు చూశారు. ఫైలు తీసి పట్టుబడ్డ కారు నెంబరుతో పోల్చి చూశారు. ఫోను బల్ల మీద బోర్లా పెట్టారు. "ఇన్నాళ్ళూ మీరు వెతికింది దీన్నా అమ్మా?" అన్నారు. ఫైలు మూసి, "మీరు సాక్ష్యానికి రాకండి. జోగులమ్మ గారూ వద్దు. ఆ ఆటోలో ఉన్నానని మీరే చెప్తే మిమ్మల్నీ చేరుస్తారు" అన్నారు. ఇంటికెళ్ళి మంచినీళ్ళు తాగమన్నారు.

నడుచుకుంటూ వచ్చాను. దారిలో ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. చెక్‌పోస్టులో వాళ్ళు అడక్కముందే నువ్వు నా కార్డు బయటికి తీయించావు. కానిస్టేబుల్ నవ్వి వదిలేశాక పక్కకు తిరిగి ఫోన్లో, "సెల్లి పరీచ్చ పాసైనాది, ఇబ్బంది నేదు" అన్నావు. నా డిగ్రీ గురించి ఎవరికో గొప్పగా చెప్పుకుంటున్నావనుకుని నేను తల దించుకున్నాను, సిగ్గుతో. వాగు దగ్గర నేను చాలంటే, "ఇంకోటి తియ్యి" అన్నావు. బలిఘట్టంలో, "ఇంకోటి తియ్యి." నాకోసం కాదు. దారి ఖాళీ అయ్యేదాకా.

నువ్వు అబద్ధం చెప్పలేదు. ఆటోలో నువ్వేమీ మోయలేదు. నన్నే మోశావు.

ఒక్క ఫొటోలోనే కారు లేదు. ఏటికొప్పాకలో నువ్వు నా ఫోను తీసుకుని తీసినది. నేను మోకాళ్ళ లోతు నీళ్ళలో చెప్పులు చేత్తో పట్టుకుని నవ్వుతున్నాను. నువ్వు కారును వెనక పెట్టుకుని, కనపడకుండా నిలబడి తీసి ఉంటావు. అంత తెలివి నీకుందని నాకు తెలీదు.

ఈ ఫోను ఎవరికీ చూపించను. పారెయ్యను కూడా. కోర్టుకు రాను. అబద్ధం చెప్పలేను, నిజం చెప్పి నిన్ను నేనే లోపల వేయించలేను.

నాకేమీ జవాబు రాయించకు.

వరహాలక్ష్మి


విశాఖపట్నం,
అక్టోబరు 15.

చిరంజీవి వరహాలక్ష్మికి,

సుందరరామయ్య రాస్తున్నాను. మీ ఉత్తరం మీరు కోరినట్టే, ఎవరూ లేని చోట చదివాను. ఇలాంటి ఉత్తరం నా నోటితో ఒక మనిషికి వినిపించడం నాకు చేతకాలేదు, మధ్యలో రెండుసార్లు ఆగాను. "సదవండి బాబూ" అన్నాడు.

చదవడం అయ్యాక జవాబు రాయమనలేదు. మర్నాడు పొద్దున్న వచ్చి, "బాబూ, నాకు అచ్చరాలు నేర్పండి. కొన్ని మాటలు పరాయోళ్ళ చేత రాయించేవి కావు" అన్నాడు. పలకలేదు, నేల మీద బొగ్గుతో మొదలుపెట్టాం. చెయ్యి మొండిది. స్టీరింగు పట్టినట్టు పట్టుకుంటాడు బొగ్గును.

ఇంతకన్నా నేను రాయదగింది లేదు.

సుందరరామయ్య


నర్సీపట్నం,
ఫిబ్రవరి 23, 2025.

అన్నయ్యకు,

జవాబు వద్దన్నాను, నువ్వూ రాయలేదు. మాట నిలబెట్టుకున్నావు.

తీర్పు రోజు వెనక బెంచీలో కూర్చున్నాను. నువ్వు చూశావో లేదో. పదేళ్ళు అన్నప్పుడు అమ్మ నన్ను గిల్లి, "ఎంతన్నారే?" అంది. చెప్పాను. "అంటే ఇంకో పది సోడి పంటలు" అంది. బస్సెక్కాక, "ఆడికి సెలి పడదు, దుప్పటిచ్చారో నేదో" అంది. ఆవిడకు ఫొటోల సంగతి చెప్పలేదు. చెప్పను.

లాయరు గారు నీ ఫోను కాల్స్ పట్టీ మీదే వాదించారు. పొద్దున్నించి వాసు ఎన్నిసార్లు చేసినా నువ్వు ఎత్తావు. ఆఖరి రెండూ మాత్రం ఎత్తలేదు. కారు ఏటికొప్పాక నుంచి హైవే ఎక్కేముందు చేసినవవి. దారి చూపించేవాడే అయితే అంత ముఖ్యమైన సమయంలో ఎందుకు ఎత్తడు, అతనికి ఈ కారుతో సంబంధం లేదనడానికి ఇదే నిదర్శనం అన్నారు. జడ్జి గారు ఒప్పుకోలేదు. అప్పీలుకు వెళ్దాం, నీ సంతకం కోసం వస్తానన్నారు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. ఆయన మొహంలో ఆశేమీ లేదు.

నేనిప్పుడు ఎక్కడికీ వెళ్ళడం లేదు. స్కూలు, గది. మొన్న పిల్లలు పిక్నిక్‌కు బలిఘట్టం వెళ్దాం టీచర్ అన్నారు. వద్దన్నాను. వాళ్ళకు కారణం చెప్పలేక బోర్డు మీద ఎక్కాలు రాశాను.

నిన్ను తిట్టాలని చాలాసార్లు కాగితం తీసుకున్నాను. రాయబోతే ఆవుల వెంట నువ్వు, భుజాన నా బడిసంచి గుర్తొస్తాయి. వాగు దాటేవరకూ నువ్వే మోసేవాడివి. అందుకని తిట్టలేను. క్షమించానని రాయడానికీ చెయ్యి రావడం లేదు.

ఒక్కటి అడుగుతాను, దీనికి జవాబు కావాలి. ఆ రోజు ఆ కారు లేకపోయినా నన్ను తీసుకెళ్ళేవాడివా? ఉన్నదున్నట్టు చెప్పు. నాకు ఇంక మంచిమాటలు అక్కర్లేదు.

వరహాలక్ష్మి


విసాకపట్నం
మార్చి

సెల్లీ

నానే రాస్తన్నాను. పెద్దాయన పక్కన నేరు. తప్పులుంటే నవ్వుకో.

తీసుకెల్లను. కారు నేకపోతే ఆ దినం కిరాయికి ఎల్దును. సదువుకున్న ఆడపిల్ల బండిలో ఉంటే ఎవుడూ ఆపడని వాసు సెప్పినాడు. సరే అన్నాను. నీకు పోను కొన్న సొమ్ము ఆడిదే.

అప్పీలు కాయితం మీద సంతకం ఎట్టనేదు. లాయరుకి ఇంక సొమ్ము కట్టకు.

ఏటికొప్పాకలో నాను తీసిన నీ పొటో నాకు పంపకు. ఇక్కడ ఉంచనివ్వరు. నీ కాడే ఉంచు.

అందులో కారు నాను దాసినాననుకున్నావు. దాయనేదు. అప్పటికే అది ఎల్లిపోయింది. పాయకరావుపేట కాడ పోలీసులున్నారని నాకు కబురొచ్చీసింది. వాసు పోను సేస్తే ఆగమని సెప్పాలి. సేసినాడు. జేబులో మోగతంది. నా సేతిలో నీ పోను. నువ్వు నీల్లలో నవ్వతన్నావు. నువ్వలగ నవ్వడం నానెప్పుడూ సూడనేదు. మల్లీ మోగింది.

ఎత్తితే నువ్వు కదిలిపోతావని ఎత్తనేదు.

చిట్టిరాజు